స్పెన్సర్ కార్బైన్‌ను కొనేముందు పరీక్షించే విధానం

అమెరికా అంతర్యుద్ధం నాటి స్పెన్సర్ కార్బైన్‌ను (గుర్రపు దళాలు వాడిన పొట్టి తుపాకీ) అమ్మేవారు చెప్పే కథల్లో గెటిస్‌బర్గ్ యుద్ధం పేరు తరచుగా వినిపిస్తుంది. ఆ పోరాటం 1863 జూలై మొదట్లో ముగిసింది. ఈ కార్బైన్లు సైన్యానికి అందడం మొదలైనది అదే ఏడాది అక్టోబరులో. అంతకుముందు దళాలకు చేరినవి ఇదే యంత్రాంగం గల పొడవాటి రైఫిళ్లు. అందువల్ల కథను పక్కన ఉంచి ఇనుమునూ కొయ్యనూ పరిశీలించాలి.

చేతికి తీసుకోగానే గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి, తుపాకీ ఖాళీగా ఉందో లేదో తేల్చుకోవాలి. ఏడు తూటాలు మడమ (భుజానికి ఆనించే వెనుక కొయ్య భాగం) లోపలే వరుసగా నిలుస్తాయి కాబట్టి పైచూపుకు ఏమీ తెలియదు. ట్రిగ్గర్ కింద ఉండే లీవర్‌ను ముందుగా కదిలిస్తే లోపల మిగిలిన తూటా, గొట్టం వెనుక అది పేలే గదిలోకి ఎక్కే ప్రమాదం ఉంది. మడమ చివర ఉన్న, తూటాలు నిలువ ఉండే మ్యాగజైన్ గొట్టాన్ని మొదట తిప్పి బయటికి లాగి, మడమను కిందికి వంచి చూడాలి. హ్యామర్‌ను (తూటాను పేల్చడానికి కొట్టే భాగం) సగం ఎత్తులో నిలిపి లీవర్‌ను దించి, తూటా గదిలోకి చూడటం ఆ తరువాతి పని.

అసలు పరీక్ష గొట్టంతో మొదలవుతుంది. యుద్ధకాలపు 1860 నమూనా కార్బైన్ గొట్టం 22 అంగుళాలు, లోపల గుండును తిప్పే ఆరు మెలిగాడులు; 1865 నమూనాకు 20 అంగుళాలు, మూడు గాడులు. ఈ రెండవ నమూనాను బోస్టన్‌లోని స్పెన్సర్ సంస్థతో పాటు ప్రావిడెన్స్‌లోని బర్న్‌సైడ్ సంస్థ కూడా ముప్పై వేలకు పైగా తయారు చేసింది. ఇక్కడే చాలామంది తికమకపడతారు, ఎందుకంటే యుద్ధం ముగిశాక స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల పాత కార్బైన్లను అనేకం తెప్పించి, గొట్టంలోకి మరో సన్నని గొట్టాన్ని దిగ్గొట్టి, మూడు గాడులు కోసి, కొత్త తూటాకు అనువుగా మార్చింది. మూతి దగ్గర దీపం పెట్టి చూస్తే లోపలి గొట్టం అంచు సన్నని వలయంగా కనిపిస్తుంది. ఇలా మార్చిన వాటిలో ట్రిగ్గర్‌కు ముందు స్టేబ్లర్ కటాఫ్ అనే చిన్న మీట ఉంటుంది. దానిని తిప్పితే లీవర్ పూర్తిగా దిగదు, మ్యాగజైన్‌లోని తూటాలు నిల్వగా ఉండి ఒక్కొక్క తూటానే చేత్తో పెట్టి కాల్చవచ్చు. కొయ్యకు ఎడమవైపు ఆయుధశాల అధికారి ఎర్‌స్కిన్ ఆలిన్ పొడి అక్షరాల ముద్ర కూడా ఉండవచ్చు. ఇలా మార్చిన తుపాకీని లోపభూయిష్టమని తోసిపుచ్చడం నా దృష్టిలో తొందరపాటు, అది సైన్యం చేసిన మార్పే కదా. దానినే చేయి పడని యుద్ధకాలపు వస్తువుగా చూపి ఎక్కువ ధర అడిగితే మాత్రం వెనక్కి తగ్గాలి.

రిసీవర్ (గొట్టానికీ మడమకూ మధ్య యంత్రాంగం ఉండే లోహ భాగం) మీద సంస్థ పేరు, 1860 మార్చి 6 అనే పేటెంట్ తేదీ ఉంటాయి. ఆ అక్షరాల అంచులను వేలితో తడిమి చూడాలి: అక్షరాలు పలచబడి, లోహపు మూలలు గుండ్రబడి, పైన మాత్రం నీలిరంగు కొత్తగా మెరుస్తుంటే ఎవరో సానపట్టి రంగు వేశారని అర్థం. కొయ్య మీది తనిఖీ ముద్రలూ ఇసుక కాగితం దెబ్బకు మాసిపోతాయి. ఎడమవైపు జీను పట్టీ తగిలించే కడ్డీ, ఉంగరం, మ్యాగజైన్ గొట్టం ఉన్నాయో లేదో సరిచూడాలి. ఇవి తేలికగా విడిపోయి వేరే వాటితో మారిపోయే భాగాలు.

అమెరికాలో 1898 లేదా అంతకుముందు తయారైన తుపాకులను 1968 నాటి సమాఖ్య చట్టం పురాతన వస్తువులుగా పరిగణిస్తుంది, అయితే రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు కాబట్టి కొనేముందే విచారించాలి.

ఇంటికి తెచ్చాక మెరుగు పెట్టవద్దు. పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, ఇనుము మీద పలచగా నూనె రాసి, తేమ తక్కువగా ఉండే చోట నిలువ చేస్తే చాలు. చెమట చేతి ముద్రల నుంచే తుప్పు మొదలవుతుంది కనుక చూపించే ప్రతిసారీ చేతికి నూలు తొడుగులు వేసుకోవాలి.