ఊళ్లో గానుగ పెట్టాలంటే: హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి పీఎంఈజీపీ దరఖాస్తు విధానం

నగరంలో ఉద్యోగం మానేసి సొంత ఊళ్లో చిన్న పరిశ్రమ పెట్టుకోవాలనుకునేవారికి బ్యాంకు రుణంతో పాటు సబ్సిడీ కూడా ఇచ్చే కేంద్ర పథకం ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం. అందరూ దీన్ని పీఎంఈజీపీ అంటారు. అంతకుముందున్న రెండు పథకాలను కలిపి 2008లో మొదలుపెట్టారు. దేశమంతటా అమలు బాధ్యత ఖాదీ గ్రామోద్యోగ కమిషన్‌ది. జిల్లాల్లో జిల్లా పరిశ్రమల కేంద్రం, ఖాదీ బోర్డు కూడా దరఖాస్తులు తీసుకుంటాయి. 2021-22 నుంచి 2025-26 వరకు అని కాలపరిమితి పెట్టి కొనసాగించిన పథకం ఇది. కాబట్టి ఫారం తెరిచే ముందు పోర్టల్‌లో తాజా ఉత్తర్వు ఒకసారి చూసుకోండి.

ఈ దరఖాస్తంతా యూనిట్ చిరునామా చుట్టూ తిరుగుతుంది. మీ ఆధార్ కూకట్‌పల్లిదైనా, ఉప్పల్‌దైనా సరే, సబ్సిడీ శాతాన్ని తేల్చేది గానుగ ఎక్కడ తిరుగుతుందన్నదే. గ్రామంలో పెడితే జనరల్ కేటగిరీకి ప్రాజెక్టు వ్యయంలో 25 శాతం, పట్టణంలో అయితే 15 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, దివ్యాంగులు, మాజీ సైనికులు వంటి ప్రత్యేక వర్గాలకు గ్రామంలో 35, పట్టణంలో 25. సొంత వాటా జనరల్‌కు 10 శాతం, ప్రత్యేక వర్గాలకు 5 శాతం.

వనపర్తి దగ్గరి ఒక ఊళ్లో వేరుశనగ నూనె తీసే కట్టె గానుగను 12 లక్షల ప్రాజెక్టుగా అనుకుందాం. జనరల్ కేటగిరీ పురుషుడైతే 1.2 లక్షలు తెచ్చుకోవాలి, బ్యాంకు 10.8 లక్షలు ఇస్తుంది, ఆ రుణంలోనే 3 లక్షలు తర్వాత సబ్సిడీగా జమవుతాయి. అదే యూనిట్‌ను ఇంటి ఇల్లాలి పేరిట పెడితే సొంత వాటా 60 వేలు, సబ్సిడీ 4.2 లక్షలు. ఆ తేడా చూసి పేరు ఆవిడది, పెత్తనం ఈయనది అన్నట్టు దరఖాస్తులు పెడుతుంటారు. బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చుని పల్లీల ధర, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మకం గురించి అడిగినప్పుడు సమాధానం చెప్పాల్సింది దరఖాస్తుదారే. ఆవిడే నడుపుతుందంటే ఇంతకన్నా మంచి మార్గం లేదు. లేకపోతే ఆ తేడా కోసం ఆశపడకండి. భార్యాభర్తల్లో ఒక్కరికే రుణం ఇస్తారు కాబట్టి రెండో అవకాశం కూడా ఉండదు.

గ్రామమంటే ఏది? ఇక్కడే హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్లు తప్పటడుగు వేస్తారు. పంచాయతీరాజ్ పరిధిలో ఉన్నది గ్రామం, మునిసిపాలిటీ పరిధిలో ఉన్నది పట్టణం. చుట్టూ పొలాలు, చెరువు, గేదెలు ఉన్నంత మాత్రాన ఆ చోటు కాగితం మీద గ్రామం కాదు. ఔటర్ రింగు రోడ్డు లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న 51 గ్రామ పంచాయతీలను 2024 సెప్టెంబరులో పక్క మునిసిపాలిటీల్లో కలిపేశారు. నగరానికి దగ్గరగా ఉంటుందని అలాంటి చోట షెడ్డు అద్దెకు తీసుకుంటే, పై లెక్కలో 12 లక్షలకు రావాల్సిన 3 లక్షలు 1.8 లక్షలకు దిగిపోతాయి. అడ్వాన్సు ఇవ్వకముందే పంచాయతీ కార్యదర్శి దగ్గర గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం తీసుకోవడం మేలు. ఆ కాగితం ఎలాగూ దరఖాస్తుకు జత చేయాలి.

అర్హతల సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆదాయ పరిమితి లేదు. తయారీ రంగంలో ప్రాజెక్టు 10 లక్షలు, సేవా రంగంలో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. గరిష్ఠ వ్యయం తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షలు. కొత్త యూనిట్లకే ఇస్తారు. అందుకని రుణం రాకముందే ఉత్సాహంకొద్దీ గానుగ కొని తిప్పడం మొదలుపెట్టకండి, అది పాత యూనిట్ కింద లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. బీడీ, సిగరెట్, పాన్, మద్యం వ్యాపారాలకు ఇవ్వరు. పంట సాగుకు కాదు గానీ పంటను సరుకుగా మార్చే పనికి ఇస్తారు. మామూలు కిరాణా కొట్టుకు ఈ పథకం పనికిరాదు. వెనక తయారీయో సేవో ఉన్న దుకాణమైతే వేరే మాట.

ఇక ప్రాజెక్టు రిపోర్టు. దరఖాస్తుకు ప్రాణం ఇదే, అందరూ ఇతరులకు అప్పజెప్పేదీ ఇదే. ఖాదీ కమిషన్ వెబ్‌సైట్‌లో నమూనా రిపోర్టులు ఉచితంగా దొరుకుతాయి. వాటిని చూసి అంకెలు మీ ఊరి లెక్కలతో మార్చుకోండి. ఇంటర్నెట్ సెంటర్లలో రెడీమేడ్‌గా అమ్మే రిపోర్టుల్లో గానుగకూ పిండిమరకూ ఒకే కరెంటు ఖర్చు కనిపిస్తుంది. రోజూ ఇలాంటివి చదివే బ్యాంకు అధికారి దాన్ని ఇట్టే పట్టేస్తాడు. భూమి ధరను ప్రాజెక్టు వ్యయంలో కలపకూడదు. షెడ్డు నిర్మాణం, యంత్రాలు, అద్దె షెడ్డయితే మూడేళ్ల వరకు అద్దె కలపవచ్చు. యంత్రాలకు జీఎస్టీ నంబరున్న విక్రేత నుంచి కొటేషన్ తీసుకోండి. షెడ్డు నాన్నగారి పేరిట ఉంటే ఆయన సమ్మతి పత్రమో లీజు పత్రమో రాయించుకోవాలి.

రిపోర్టులో రెండు పద్దులుంటాయి: యంత్రాలు, షెడ్డు వంటి మూలధన వ్యయం ఒకటి, సరుకు కొనుక్కునే నిర్వహణ పెట్టుబడి మరొకటి. తయారీ యూనిట్లో రెండోది మొత్తంలో 40 శాతం మించకూడదు. సబ్సిడీ ఎక్కువ వస్తుందని ఆ నిర్వహణ పెట్టుబడిని ఉబ్బించి రాయడం చాలామందికి అలవాటు. కానీ ఈ పెట్టుబడికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్‌ను, అంటే అవసరమైనప్పుడు తీసుకుని తిరిగి కట్టే రుణ పరిమితిని, మూడేళ్లలో కనీసం ఒక్కసారైనా పూర్తి పరిమితి వరకు వాడాలి, సగటు వాడకం 75 శాతానికి తగ్గకూడదు. లేకపోతే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి పోతుంది. గానుగకు ఈ పద్దు నిజంగానే పెద్దది. వేరుశనగ మార్కెట్‌కు వచ్చే నెలల్లోనే ఏడాదికి సరిపడా కొని పెట్టుకోవాలి. ఆ నెలల అవసరాన్ని లెక్కగట్టి రాయండి.

నగరంలో ఉండగానే నేర్చుకోవాల్సినవి కూడా ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రాంగణంలోని గ్రామీణ సాంకేతిక పార్కులో పల్లె పరిశ్రమల నమూనాలు చూడవచ్చు. చిరుధాన్యాల మీద మనసుంటే అక్కడే చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. వ్యాపార శిక్షణకు యూసుఫ్‌గూడలో జాతీయ స్థాయి చిన్న పరిశ్రమల సంస్థ ఉంది. ఊరికి మకాం మార్చాక వీటి కోసం మళ్లీ నగరానికి రావడం కన్నా, రాజీనామాకు ముందే సెలవురోజుల్లో కాకుండా పనిదినాల్లో ఒకసారి వెళ్లి రండి.

ఆన్‌లైన్ ఫారం ఖాదీ కమిషన్ పోర్టల్‌లోని పీఎంఈజీపీ విభాగంలో ఉంటుంది. రుసుము లేదు. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే టైపు చేయాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్నదానితో సహా. తర్వాత దరఖాస్తు తీసుకునే సంస్థ (ఖాదీ కమిషన్, ఖాదీ బోర్డు లేదా జిల్లా పరిశ్రమల కేంద్రం), జిల్లా ఎంచుకోమంటుంది. ఇక్కడ మీరు ఉంటున్న హైదరాబాద్ కాకుండా యూనిట్ పెట్టే జిల్లా ఎంచుకోవాలి. ఉత్తరాలు రావాల్సిన చిరునామా, యూనిట్ చిరునామా వేర్వేరు గడులు. మొదటిదాంట్లో ఉప్పల్ ఉండొచ్చు, రెండోదాంట్లో ఊరు, మండలం, పిన్‌కోడ్ సరిగ్గా పడాలి. పరిశ్రమ రకం, కావలసిన రుణం, శిక్షణ అయిందా లేదా, ప్రాధాన్య బ్యాంకు శాఖ నింపాలి. బ్యాంకు విషయంలో ఒక మాట: జీతం ఖాతా ఉందని అమీర్‌పేట శాఖ పెట్టకండి. యూనిట్‌ను వచ్చి చూడాల్సింది బ్యాంకువాళ్లే. ఊరికి దగ్గరి మండల కేంద్రంలోని శాఖ పెట్టండి, ఫారం నింపకముందే ఆ మేనేజరును కలిసి రండి.

సేవ్ చేయగానే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ మీకు వస్తాయి. వాటితో మళ్లీ లోపలికి వెళ్లి ఫొటో, కులధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్, గ్రామీణ ధ్రువపత్రం, ప్రాజెక్టు రిపోర్టు అప్‌లోడ్ చేసి, దరఖాస్తుకు మార్కులు వేసే స్కోరు కార్డు ప్రశ్నలకు జవాబులిచ్చి తుది సమర్పణ నొక్కాలి. ఇది నొక్కకుండా సేవ్ చేసి వదిలేసినవాళ్లు దరఖాస్తు వెళ్లిపోయిందనుకుని ఎదురుచూస్తుంటారు. కులధ్రువపత్రం లేకపోతే మీసేవలో ముందే పెట్టుకోండి.

గతంలో జిల్లా కమిటీ ముందు ఇంటర్వ్యూ ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. ఇప్పుడు సంస్థ పరిశీలించి నేరుగా బ్యాంకుకు పంపుతుంది. మంజూరు చేయాలా వద్దా అన్నది పూర్తిగా బ్యాంకు నిర్ణయం. నగరం నుంచి వచ్చేవారిలో బ్యాంకు మొదట చూసేది పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే సిబిల్ స్కోరు. క్రెడిట్ కార్డు బకాయిలు, ఫోను కొన్న వాయిదాలు, వ్యక్తిగత రుణాలు ఉంటే దరఖాస్తుకు ముందే తేల్చుకోండి. చిన్న పరిశ్రమల రుణాలకు ఒక పరిమితి వరకు తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఎవరైనా అడిగితే మర్యాదగా గుర్తుచేయవచ్చు. ఉద్యోగం ఇంకా చేస్తున్నట్టయితే యూనిట్ ఎవరు నడుపుతారని తప్పక అడుగుతారు. ఫలానా తేదీకి మానేస్తానని చెప్పండి, మంజూరు పత్రం చేతికి వచ్చేదాకా మాత్రం రాజీనామా పత్రం రాయకండి. మంజూరు చేయిస్తానని వాటా అడిగే దళారులు జిల్లా కార్యాలయాల చుట్టూ తిరుగుతుంటారు. వాళ్లు చేయగలిగింది మీరు చేయలేనిది ఏదీ లేదు.

మంజూరయ్యాక పారిశ్రామికవేత్తల శిక్షణ: 5 లక్షల లోపు ప్రాజెక్టుకు ఐదు రోజులు, ఆపైన పది రోజులు. ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు. ఆ సర్టిఫికెట్ లేకుండా బ్యాంకు సబ్సిడీ కోరలేదు. సబ్సిడీ వచ్చినా మీ చేతికి రాదు, మూడేళ్లపాటు మీ పేరిట బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. ఆ డిపాజిట్‌కు వడ్డీ రాదు, అంత మొత్తం రుణానికి వడ్డీ వేయరు కూడా. మీ ఖాతాలో వడ్డీ మొత్తం 10.8 లక్షల మీద పడుతోందో, 7.8 లక్షల మీద పడుతోందో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి. తేడా ఉంటే వెంటనే రాతపూర్వకంగా అడగండి.

మూడేళ్లు నిండాక యూనిట్‌ను స్వయంగా వచ్చి చూసి, నడుస్తోందని నిర్ధారించుకున్నాకే సబ్సిడీని రుణంలో జమ చేస్తారు. గానుగను ఈలోపు వేరే ఊరికి మార్చాలనుకుంటే బ్యాంకుకూ సంస్థకూ ముందుగా రాసి ఇవ్వండి. పీఎంఈజీపీ కింద రుణం ఇచ్చినట్టు తెలిపే బోర్డు షెడ్డు ముందు ఉండాలి, తనిఖీకి వచ్చినవాళ్లు ఫొటో తీసేది దానితో కలిపే.