ప్రొస్టేట్ క్యాన్సర్ వైద్యం అయ్యాక టెస్టోస్టెరాన్: మొదలుపెట్టకముందే ఎప్పుడు ఆపాలో రాసిపెట్టుకోండి

ఆపరేషన్ అయి రెండేళ్లయింది. పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్, క్యాన్సర్ తిరిగొచ్చిందేమో దీన్నిబట్టే చూస్తారు) నిలకడగా ఉంది. అయినా మనిషిలో సత్తువ లేదు. మధ్యాహ్నానికే నీరసం, కండ కరిగి పొట్ట పెరిగింది, కోరిక అన్న మాటే లేదు. పరీక్ష చేయిస్తే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ 180 అని, అంటే తక్కువగా, వచ్చింది. ఇలాంటివాళ్లకు బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇవ్వచ్చా? కొందరికి ఇవ్వచ్చు, కొందరికి అసలు ఇవ్వకూడదు. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చాల్సింది మీ కేసు తెలిసిన యూరాలజిస్టు లేదా ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు), ఎండోక్రినాలజిస్టుతో (హార్మోన్ల డాక్టరుతో) కలిసి. వాళ్ల దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి, ఏం అడగాలి, మందు మొదలయ్యాక ఏది గమనించాలి అన్నదే ఇక్కడి విషయం.

భయానికి మూలం 1941 నాటిది. చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ అనే ఇద్దరు వృషణాలు తీసేస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చూపించారు. 1966లో హగ్గిన్స్‌కి నోబెల్ వచ్చింది. తగ్గిస్తే క్యాన్సర్ కుంగుతుంది కాబట్టి పెంచితే చెలరేగుతుందని అందరూ అనుకున్నారు. తరవాత తెలిసిందేమిటంటే, ప్రొస్టేట్ కణం టెస్టోస్టెరాన్‌ని వాడుకోవడానికి ఒక హద్దుంది. రక్తంలో సుమారు 250 నానోగ్రాములు (డెసిలీటరుకు) దాటాక ఇంకా పెరిగినా కణానికి కొత్తగా అందేది పెద్దగా ఉండదు. నీళ్లు నిండిన మడిలోకి మరో కాలవ వదిలినా పైరు పీల్చేది పీల్చేంతే. కాబట్టి 350ని 550కి తేవడం వేరు, 20ని 300కి తేవడం వేరు. రెండోది ఎండిన మడికి నీరు పెట్టడం. ఈ తేడా కింద మళ్లీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

అయితే దీన్ని పూర్తిగా రుజువు చేసే పెద్ద ట్రయల్స్ లేవు. టెస్టోస్టెరాన్ మందు మీద 2023లో వెలువడిన ట్రావర్స్ ట్రయల్‌లో 5,200 మందికి పైగా ఉన్నారు గానీ, ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చినవాళ్లను అందులో చేర్చుకోలేదు. అందుకే డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. అమెరికన్ యూరాలజీ సంఘం లాభనష్టాలు తూచేంత ఆధారం లేదని రోగికి చెప్పమంటుంది. హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ వద్దనే వైపు మొగ్గుతుంది. యూరప్ యూరాలజిస్టులు, తక్కువ రిస్కుతో ఆపరేషన్ అయి కనీసం ఏడాది శుభ్రంగా ఉన్నవాళ్లకు ఆచితూచి ఇవ్వచ్చంటారు. మీ డాక్టరు వద్దంటే ఆయనకు తెలియక కాదు.

ముందు ఫైలు సర్దండి

బయాప్సీ కాగితం ఒక్కటే చాలదు. ఆపరేషన్ తరవాత వచ్చిన పాథాలజీ రిపోర్టు కావాలి. అందులో చూడాల్సినవి: గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత మొండిదో చెప్పే అంకె), అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, వీర్యకోశాల్లోకి పాకిందా, లింఫ్ గ్రంథులకు అంటిందా. గ్లీసన్ 6, అంచులు శుభ్రం, ఆపరేషన్‌కి ముందు పీఎస్‌ఏ 10 లోపు అయితే మాట్లాడటానికి ఆస్కారం ఎక్కువ. 7 అయితే నిదానంగా చర్చించాలి. 8 లేదా ఆపైన ఉన్నా, గ్రంథులకు అంటినా చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. ఎముకలకు పాకినవాళ్లు, హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్ల మీద ఉన్నవాళ్లు, పీఎస్‌ఏ ఇప్పటికే పైకి కదులుతున్నవాళ్లు ఈ ఆలోచనే చేయొద్దు. వైద్యం లేకుండా కేవలం గమనింపులో ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల ఒంట్లో క్యాన్సర్ ఇంకా ఉంది, ఈ పద్ధతి వాళ్లకు వర్తించదు.

కరెంటు పెట్టించుకున్నవాళ్లయితే రేడియేషన్ సమ్మరీ, దాంతోపాటు హార్మోన్ ఇంజెక్షన్లు ఎన్ని నెలలు చేశారు, చివరిది ఏ తేదీన, అది నెల డోసా మూడు నెలలదా అన్నది రాసుకోండి. ఆ ఇంజెక్షన్ ఆగాక కూడా సొంత టెస్టోస్టెరాన్ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. వయసు పైబడినవాళ్లలో ఏడాది, రెండేళ్లు కూడా పట్టచ్చు, కొందరికి రాకనే పోతుంది. దానంతట అదే రాబోతున్నప్పుడు టెస్టోస్టెరాన్ జెల్ (ఒంటికి రాసుకునే మందు) రాస్తే మెదడు ఇచ్చే సంకేతం అణగిపోయి, రావాల్సింది కూడా ఆగుతుంది.

ఇక పీఎస్‌ఏలన్నీ ఒకే కాగితం మీదికి ఎక్కించండి: తేదీ, అంకె, ల్యాబు. ఆపరేషన్ అయినవాళ్లకు "0.1 కంటే తక్కువ" అని రాసిచ్చే మామూలు పరీక్ష చాలదు. 0.02, 0.05, 0.08 మూడింటికీ అది ఒకే జవాబిస్తుంది. దశాంశం తరవాత కనీసం రెండో అంకె దాకా చెప్పే అల్ట్రాసెన్సిటివ్ పీఎస్‌ఏ చేయించండి. మూడు నెలల తేడాతో రెండుసార్లు, ఒకే ల్యాబులో. ఆ తరవాత కూడా ల్యాబు మార్చొద్దు. యంత్రం మారితే అంకె మారుతుంది, దాన్ని చూసి అనవసరంగా హడలిపోతారు.

టెస్టోస్టెరాన్ తక్కువని తేల్చే పద్ధతి

ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. పరగడుపున, ఉదయం 7 నుంచి 10 లోపు, వేరువేరు రోజుల్లో రెండుసార్లు రక్తం ఇవ్వాలి. రెండూ 300 లోపుండి, లక్షణాలూ ఉంటేనే లోపం అంటారు. సాయంత్రం టిఫిన్ చేసి ఇచ్చిన రక్తంలో అంకె తక్కువగానే వస్తుంది. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనూ అంతే. దాంతోపాటు ఎల్‌హెచ్ (వృషణాలను పనిచేయమని మెదడు పంపే హార్మోన్), ఎస్‌హెచ్‌బీజీ (రక్తంలో టెస్టోస్టెరాన్‌ని పట్టుకుని ఉండే ప్రొటీన్), ప్రొలాక్టిన్ (ఎక్కువైతే టెస్టోస్టెరాన్‌ని తగ్గించే హార్మోన్) కూడా చూపించుకోండి. ఎల్‌హెచ్ బాగా తక్కువుంటే పాత హార్మోన్ ఇంజెక్షన్ ప్రభావం ఇంకా పోలేదేమో, ఎక్కువుంటే వృషణాలే పనిచేయట్లేదు.

జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వేసుకునేవాళ్లు రక్తం ఇచ్చే మూడు రోజుల ముందే ఆపండి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల టెస్టోస్టెరాన్ ఉన్నదానికన్నా ఎక్కువగా, పీఎస్‌ఏ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. మన విషయంలో రెండూ ప్రమాదకరమైన తప్పులే.

నీరసానికి కారణం వేరే కూడా కావచ్చు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగరు చూడకుండా నెపం టెస్టోస్టెరాన్ మీద పెట్టొద్దు. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగుతుంటే ముందు దానికి వైద్యం. మరో సంగతి, ఇది మొహమాటం లేకుండా చెప్పుకోవాలి: ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిని అంగస్తంభన పోతే టెస్టోస్టెరాన్ దాన్ని తిరిగి తేదు. కోరికను పెంచుతుంది, నరాన్ని అతకదు. ఆ ఆశతోనే మొదలుపెట్టేవాళ్లు మూడు నెలలకు నిరాశపడతారు.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 50 శాతం దాటి ఉంటే కారణం తేలేదాకా ఆగాలి. గుండెపోటు, పక్షవాతం వచ్చి ఆరు నెలలు కాకపోతే కూడా ఆగాలి. రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్, వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తం మరీ పలచబడచ్చు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష) దగ్గర దగ్గరగా చూపించుకోవాలి.

జెల్‌తోనే ఎందుకు మొదలుపెట్టాలి

ఇంజెక్షన్ చవక, రోజూ రాసుకునే బెడద ఉండదు. అయినా మొదట జెల్ మేలు. కారణం ఒక్కటే: ఆపితే కొద్ది రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. టెస్టోస్టెరాన్ అన్‌డెకనోయేట్ 1000 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ 10 నుంచి 14 వారాలు పనిచేస్తుంది. చేయించిన పది రోజులకు పీఎస్‌ఏ పెరిగిందనుకోండి, వెనక్కి తీయలేం. పోనీ మధ్యరకంగా సస్టనాన్ 250 (ఇంకో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్) అంటారా, మూడు వారాలకోసారి చేస్తే మొదటి రోజుల్లో అంకె బాగా ఎగిరి చివరికి పడిపోతుంది, హెమటోక్రిట్ కూడా జెల్ కన్నా ఎక్కువ పెరుగుతుంది. అందులో వేరుశెనగ నూనె ఉంటుంది, పల్లీలు పడనివాళ్లకు పనికిరాదు.

ఒక శాతం జెల్ 5 గ్రాముల పొట్లంలో 50 మిల్లీగ్రాముల మందుంటుంది. చర్మం పీల్చేది అందులో పదో వంతే. రాసుకునే తీరు ఇది: ఉదయం స్నానం చేసి ఒళ్లు పూర్తిగా తుడుచుకున్నాక, భుజాల మీద, పైచేతుల మీద పలచగా పరచండి. రుద్దక్కర్లేదు. మర్మాంగాలకు రాయొద్దు. అయిదారు నిమిషాలు ఆరనిచ్చి చొక్కా వేసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇందులో స్పిరిట్ ఉంటుంది, ఆరేదాకా దీపం ముందుకూ గ్యాస్ పొయ్యి దగ్గరికీ వెళ్లొద్దు. అయిదారు గంటలు స్నానం, ఈత వద్దు. చొక్కా లేకుండా బనీనుతో కూర్చుని మనవడిని భుజానికి ఎత్తుకోవడమే అసలు ప్రమాదం. పిల్లలకు అంటితే వయసుకు ముందే యవ్వన లక్షణాలు వస్తాయి, ఆడవాళ్లకు అంటితే మొటిమలు, అవాంఛిత రోమాలు. తువ్వాలు కూడా మీది మీకే.

రెండు నుంచి నాలుగు వారాలకు టెస్టోస్టెరాన్ చూపించుకోండి, రాసిన 2 నుంచి 8 గంటల లోపు. రక్తం ఇచ్చే చేతికి ఆ రోజు జెల్ రాయొద్దు. చర్మం మీది మందు సూదిలోకి వచ్చి అంకె 1500 అని భయపెడుతుంది. లక్ష్యం 450 నుంచి 600. ఇంకా పెంచితే ఇంకా హుషారు వస్తుందనుకోవడం పొరపాటు.

పీఎస్‌ఏని చదవడం

మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తరవాత ఆరు నెలలకోసారి. ఇక్కడ ఆపరేషన్ వాళ్లకీ రేడియేషన్ వాళ్లకీ లెక్క వేరు.

ప్రొస్టేట్ మొత్తం తీసేసినవాళ్లలో పీఎస్‌ఏ పుట్టించే కణమే ఉండకూడదు. కాబట్టి టెస్టోస్టెరాన్ ఎంత పెరిగినా పీఎస్‌ఏ కదలకూడదు. పుస్తకం లెక్కలో 0.2 రెండుసార్లు వస్తే క్యాన్సర్ తిరిగొచ్చినట్టు. జెల్ మీద ఉన్నవాళ్లు 0.2 దాకా ఎదురుచూడటం తెలివైన పని కాదు. 0.01 ఉన్నది 0.05 అయితే జెల్ ఆపి, నాలుగు వారాలకు అదే ల్యాబులో మళ్లీ చేయించండి. రెండోసారీ పెరిగితే జెల్ సంగతి ముగిసినట్టే, ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

రేడియేషన్ వాళ్లలో గ్రంథి అక్కడే ఉంది, ఆరోగ్యకరమైన కణాలు కొన్ని బతికే ఉంటాయి. టెస్టోస్టెరాన్ అడుగునుంచి పైకొస్తే అవి కూడా కొంచెం పీఎస్‌ఏ వదులుతాయి. ఎండిన మడి అని పైన అన్నది ఇదే. 0.1, 0.4, 0.5, 0.5 అని ఎక్కి ఆగితే అది మడి నిండటం. 0.1, 0.4, 0.9, 1.9 అని ప్రతిసారీ రెట్టింపవుతుంటే అది క్యాన్సర్. క్యాన్సర్ తిరిగొచ్చిందనడానికి అధికారిక గీత, రేడియేషన్ తరవాత వచ్చిన అతి తక్కువ పీఎస్‌ఏ అంకెకు 2 కలిపితే వచ్చేది. రెట్టింపవుతున్నది కనిపించాక ఆ గీత దాకా జెల్ రాస్తూ పోవద్దు. పైగా రేడియేషన్ తరవాత మొదటి రెండు మూడేళ్లలో పీఎస్‌ఏ తనంతట తానే ఒకసారి ఎగిరి దిగచ్చు. ఆ సమయంలోనే జెల్ మొదలుపెడితే ఎగిరింది దేనివల్లో ఎవరూ చెప్పలేరు. అంకె అడుగుకు చేరి నిలబడేదాకా, ఏడాదిన్నరో రెండేళ్లో, ఓపిక పట్టడం అందుకే.

ఈ ఆపే అంకెలను మొదటి పొట్లం విప్పకముందే డాక్టరుతో మాట్లాడి ఫైలు అట్ట మీద రాయించుకోండి. ఒళ్లు తేలికై, కోరిక తిరిగొచ్చిన మూడో నెలలో పీఎస్‌ఏ కొంచెం పెరిగితే "ల్యాబు తప్పేమోలే" అని సర్దిచెప్పుకోవడం ఎవరికైనా సహజం. అప్పుడు రాసిన అంకె అడ్డం పడుతుంది.

హెమటోక్రిట్ కూడా మూడో నెల, ఆరో నెల, ఏడాదికి చూడాలి. 54 దాటితే జెల్ ఆపాలి, దిగాక తక్కువ డోసుతో మళ్లీ మొదలు. రక్తదానం చేస్తే సరిపోతుందనే సలహా వింటారు. క్యాన్సర్ వచ్చినవాళ్ల రక్తాన్ని బ్లడ్ బ్యాంకులు సాధారణంగా తీసుకోవు. అవసరమైతే డాక్టరు రాస్తేనే రక్తం తీసి పారేస్తారు. రక్తపోటు ఇంట్లోనే వారానికోసారి చూసుకోండి. గుండె దడ, ఒక కాలే వాయడం, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకోవద్దు, ఇది షెడ్యూల్ హెచ్ మందు. శక్తి పొడులు, స్టామినా బిళ్లలు అసలే వద్దు. వాటిల్లో ఏ హార్మోన్ కలిపారో తెలియకపోతే పీఎస్‌ఏ పెరిగినప్పుడు దేన్ని ఆపాలో తెలియదు.

టెస్టోస్టెరాన్ 450 దాటి ఆరు నెలలున్నా సత్తువలో, కోరికలో మార్పు లేకపోతే మీ ఇబ్బందికి మూలం అది కాదు. డాక్టరుకు చెప్పి ఆపేయండి. ఆపిన మొదటి వారాల్లో నీరసం మునుపటికన్నా ఎక్కువగా ఉంటుంది, సొంత ఉత్పత్తి లేవడానికి సమయం పడుతుంది. మూడు నెలలకు పీఎస్‌ఏ, టెస్టోస్టెరాన్ ఒకసారి చేయించి ఆ రెండు అంకెల్నీ అదే కాగితంలో కింద వరసలో రాయండి.