మీల్‌వర్మ్‌లు తప్ప ముట్టని బియర్డెడ్ డ్రాగన్‌కు కీచురాళ్లు అలవాటు చేసిన తీరు (నా అనుభవం)

విజయనగరంలో మేము పెంచుతున్న బియర్డెడ్ డ్రాగన్ (ఒక రకం పెంపుడు బల్లి) మీల్‌వర్మ్‌లు (ఒక రకం పెంకుపురుగు లార్వాలు) తప్ప మరే పురుగునూ ముట్టేది కాదు. వాటిలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎక్కువ కనుక దాని ఎముకల గురించి బెంగ పట్టుకుంది. పస్తు పెట్టడం, పట్టకారుతో అందించడం, రకరకాల పురుగులను ఒకేసారి వదలడం ఫలించలేదు.

చివరికి కీచురాళ్లకు ఒక రోజంతా మునగాకు, క్యారెట్ తురుము మేపి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి వాటి కదలిక మందగించాక, డ్రాగన్ కళ్ల మధ్య దూరాన్ని మించనివి మూడింటిని ఏరి, డబ్బాలో కాల్షియం పొడితో కుదిపి, వేడినిచ్చే దీపం కింద డ్రాగన్ ఒళ్లు బాగా వేడెక్కాక, మీల్‌వర్మ్‌లు తినే పాత గిన్నెలోనే వేశాను. నాలుగో రోజున, పొడితో తెల్లబడిన కీచురాయి ఒకటి గిన్నె అంచు ఎక్కబోతుండగా, తల వాల్చి చూసి నాలుకతో లాగేసుకుంది. తర్వాత మీల్‌వర్మ్‌లను తగ్గిస్తూ బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలను చేర్చాను. వరికి కొట్టే మందుల భయంతో పొలంలో పట్టిన మిడతలను మాత్రం ఎన్నడూ వేయలేదు.

పనిచేసింది పాత గిన్నే అని నా అనుమానం, అయితే ఇది ఒక్క జీవి విషయంలో చూసినదే కనుక అన్నిటికీ వర్తిస్తుందని చెప్పలేను.