ఎండాకాలం పరుగు: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

ఎండల్లో పరిగెత్తేవాళ్లకు వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒకటే: జనవరి పేస్‌ను (కిలోమీటరుకు పట్టే సమయాన్ని) మే నెలలోనూ పట్టుకు వేలాడటం. ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్‌కు తయారయ్యేవాళ్లకు ఇది మరీ తగులుతుంది. లాంగ్ రన్‌లు పెరగాల్సిన నెలలూ, ఎండా ఉక్కపోతా ముదిరే నెలలూ వాళ్లకు ఒకటే. కింద మీ లక్షణం ఎక్కడుందో చూసుకుని అక్కడి నుంచి చదవండి. వడదెబ్బ గురించిన భాగం మాత్రం అందరూ చదవాలి.

అదే పేస్, హార్ట్ రేట్ మాత్రం 15–20 ఎక్కువ

ముందు వాచీని అనుమానించండి. చెమటకు మణికట్టు మీద సెన్సర్ జారి, గుండె బదులు అడుగుల లయను లెక్కపెట్టడం మామూలే. తేలిగ్గా పరిగెత్తుతున్నా అంకె 165–175 దగ్గర కదలకుండా కూర్చుంటే, అది నిమిషానికి మీరు వేసే అడుగుల సంఖ్యతో సరిపోతోందేమో చూడండి. ఆగిన వెంటనే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. వాచీ అంకెకు చాలా తేడా వస్తే పట్టీని మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన బిగించుకోండి, లేదా ఛాతీ పట్టీ వాడండి.

అంకె నిజమే అయితే కారణం రక్తం పంపకం. ఒంటిని చల్లబరచడానికి కొంత రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంది. మిగిలినదాన్ని కండరాలకు చేర్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అందుకే పేస్ మారకపోయినా అరగంట దాటాక అంకె మెల్లగా పైకి పాకుతుంది. మీ ఫిట్‌నెస్ ఎక్కడికీ పోలేదు.

సరిచేసేది పేస్‌నే. ఈజీ రన్‌లో పక్కవాళ్లతో రెండు మూడు పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. దానికి కిలోమీటరుకు నిమిషం ఎక్కువ పట్టినా పట్టనివ్వండి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి 10–14 రోజులు కావాలి. మొదటి మూడు నాలుగు రోజులు 30 నిమిషాలు మించకండి, ఇంటర్వెల్స్ (మధ్యమధ్యలో వేగంగా కొట్టే పరుగులు) ఆపేయండి, తర్వాత రోజు విడిచి రోజు 5–10 నిమిషాలు కలపండి. ఇంట్లో, ఆఫీసులో, కారులో ఏసీలోనే ఉండేవాళ్లకు అలవాటు పడేది ఆ పరుగు సమయంలోనే కాబట్టి, వారానికి ఒక్క ఆదివారం 18 కిలోమీటర్లు కొట్టి మిగతా రోజులు పడుకుంటే ఏమీ కుదరదు.

వేళ సంగతి. సూర్యోదయానికి కాస్త ముందు రోజులోకెల్లా చల్లగా ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఎండ తగ్గినట్టే కనిపించినా తారు రోడ్డు ఇంకా సెగ కక్కుతూనే ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో సాయంత్రం పరుగు పెట్టుకోకపోవడమే మేలు. విశాఖ బీచ్ రోడ్డు లెక్క వేరు: ఉష్ణోగ్రత హైదరాబాద్ కంటే తక్కువ చూపించినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, కారిపోతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదు, ఆరినదే చల్లబరుస్తుంది. వాతావరణం యాప్‌లో ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో చెప్పే అంకె) కూడా చూడండి. అది 24 డిగ్రీలు దాటితే ఆ రోజు పేస్ లక్ష్యాలన్నీ రద్దు.

రెండు మూడు వారాలైనా అంకె దిగకపోతే ఎండను తిట్టడం ఆపి రక్త పరీక్ష చేయించుకోండి: హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ). ఆడవాళ్లలో ఐరన్ తక్కువై ఇలా అవడం చాలా మామూలు. జ్వరం వచ్చి తగ్గిన కొత్తలోనూ ఇలాగే ఉంటుంది. అప్పుడు నడకే పరుగు.

లాంగ్ రన్ తర్వాత రోజంతా తలనొప్పి, టీషర్టు మీద తెల్లటి చారలు

చారలు ఉప్పువి. నీళ్లు, ఉప్పు రెండూ పోయాయి. ఎంత పోయిందో ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. మూత్రం పోసుకుని, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. గంట పరిగెత్తి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. 68.0 కిలోలు 67.1 అయి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే, మీ చెమట గంటకు 1.2 లీటర్లు. దారిలో అందులో సగం నుంచి ముప్పావు వంతు తాగితే చాలు, మిగతాది తర్వాత మెల్లగా. ఫిబ్రవరి అంకె మేలో పనికిరాదు, మళ్లీ కొలవాలి.

గంట దాటే పరుగుకు ఓఆర్ఎస్ మంచిదే, కలపడంలోనే తప్పు జరుగుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పెద్ద ప్యాకెట్, సుమారు 20.5 గ్రాములది, మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్లలో వేయాలి. కొంచెం గ్లాసులో, కొంచెం సీసాలో కలిపితే ఉప్పు ఎక్కువై వాంతికి వస్తుంది. 200 మి.లీ.కు సరిపోయే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి, ప్యాకెట్ మీద ఏం రాసుందో చదవండి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని చక్కెర నీళ్లు అమ్మే డబ్బాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో తేల్చి చెప్పింది. అయినా లేబుల్ చూసే అలవాటు మానకండి. ఇంటికొచ్చాక లీటరు పల్చటి మజ్జిగలో అర టీ స్పూను ఉప్పు కలుపుకుంటే ఏ స్పోర్ట్స్ డ్రింక్‌కూ తీసిపోదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉన్నా సోడియం తక్కువ, చిటికెడు ఉప్పు వేసుకోండి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు పెంచేముందు డాక్టర్‌ను అడగాలి.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య కూడా ఒకటుంది, దాన్ని చాలామంది గుర్తుపట్టరు. తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, పరుగు తర్వాత బరువు పెరిగి ఉండటం. ఇది నీళ్లు అతిగా తాగి రక్తంలో సోడియం పడిపోవడం. నెమ్మదిగా నాలుగైదు గంటలు పరిగెత్తుతూ ప్రతి స్టాల్ దగ్గరా రెండు గ్లాసులు తాగేవాళ్లలో కనిపిస్తుంది. అక్కడ ఇంకో సీసా నీళ్లు పట్టించడం ప్రమాదం. మాట తడబడినా, మత్తుగా ఉన్నా ఆస్పత్రికే.

పక్క రన్నర్ తూలుతున్నాడు, అడిగినదానికి పొంతన లేని జవాబిస్తున్నాడు

వడదెబ్బే అనుకుని కదలండి. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు" అన్న మాట నమ్మొద్దు. పరిగెత్తుతూ వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిసే ఉంటుంది. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మెదడు పట్టు తప్పడమే గుర్తు. నుదుటి మీద, చంకలో పెట్టే థర్మామీటర్ ఇక్కడ తక్కువ చూపించి మోసం చేస్తుంది.

ఒకరు 108కి ఫోన్ చేయాలి, మిగతావాళ్లు అదే క్షణంలో చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకూడదు. మొదటి అరగంటలో ఒంటి వేడి ఎంత తగ్గిందన్నదాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. నీడకు చేర్చి, బూట్లు, టీషర్టు తీసేయండి. పెద్ద టబ్బు, ఐసు దొరికితే మెడ దాకా ముంచి, తల పైకి పట్టుకోవాలి. దొరకకపోతే పక్క టీ కొట్టు డ్రమ్ము, అపార్ట్‌మెంట్ తోటకు నీళ్లు పెట్టే పైపు, ఏదైనా సరే ఒళ్లంతా ఆపకుండా నీళ్లు పోస్తూ గాలి విసరండి. ఐసు నీళ్లలో ముంచిన తువ్వాళ్లు చంకల్లో, గజ్జల్లో, మెడ మీద, వీపు మీద వేసి, రెండు నిమిషాలకోసారి మార్చండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ వల్ల ఉపయోగం లేదు, ఇది జ్వరం కాదు.

తెలివిగా మాట్లాడుతూ, కళ్లు తిరగడం, నీరసం మాత్రమే ఉంటే నీడన పడుకోబెట్టి, కాళ్లు ఎత్తులో పెట్టి, ఉప్పు కలిసినవి తాగించండి. ఫినిష్ లైన్ దాటగానే కళ్లు తిరిగితే చాలాసార్లు ఠక్కున ఆగిపోవడమే కారణం: పిక్కలు పంపు కొట్టడం ఆపగానే రక్తం కాళ్లలో నిలిచిపోతుంది. ఐదు నిమిషాలు నడవాలి.

మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్టు

ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి కింది పట్టీ దెబ్బతినడం. పది అడుగులు వేశాక తగ్గుతుంది, సాయంత్రం మళ్లీ వస్తుంది. మన ఇళ్లలో దీన్ని ముదరబెట్టేది మార్బుల్ నేల మీద ఉత్త కాళ్ల నడక. ఎండాకాలం చల్లగా ఉందని మరీ చెప్పులు విప్పి తిరుగుతాం. ఇంట్లోకి విడిగా ఒక జత మెత్తటి చెప్పులు పెట్టుకోండి, మంచం పక్కనే ఉంచుకోండి.

అరికాలి కింద సీసా దొర్లిస్తే హాయిగా ఉంటుంది, కానీ అది నయం చేయదు. నయం చేసేది బరువు. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, 3 సెకన్లలో పైకి లేచి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో కిందికి దిగండి. 12 సార్లు, 3 సెట్లు, రోజు విడిచి రోజు. రెండు వారాలయ్యాక వీపున పుస్తకాలు నింపిన బ్యాగు తగిలించుకుని 10 సార్లు, 4 సెట్లు. మొదటి నెల తేడా తెలియక చాలామంది మానేస్తారు. మూడు నెలలు చేయాల్సిందే.

కాలి ముందెముక వెంట నొప్పి

వేలితో ఎముక లోపలి అంచు వెంట నొక్కుతూ రండి. జానెడు మేర బాధగా ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గితే షిన్ స్ప్లింట్స్. రూపాయి బిళ్లంత చోటే "అమ్మో" అనిపించి, పరిగెత్తేకొద్దీ పెరిగి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి పగులు) అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరిగెత్తి ఎముక విరగ్గొట్టుకోకండి, ఎంఆర్ఐ గురించి ఎముకల డాక్టర్‌ను అడగండి.

షిన్ స్ప్లింట్స్ ఎక్కువగా జూన్, జూలైల్లో వస్తాయి. మే అంతా మానేసి, తొలకరి పడగానే ఆగస్టు రేసు గుర్తొచ్చి ఒక్కసారిగా కిలోమీటర్లు పెంచేయడం వల్ల. గుండె, ఊపిరి కొన్ని వారాల్లో అందుకుంటాయి, ఎముకకు నెలలు పడుతుంది. కిలోమీటర్లు సగానికి తగ్గించండి. సిమెంటు రోడ్డు మాని మట్టి ట్రాక్ ఎక్కండి. పిక్కల వ్యాయామం, పైన చెప్పినదే, తువ్వాలు లేకుండా చేయండి.

మోకాలు

బయటి పక్క, ప్రతిసారీ దాదాపు అదే కిలోమీటరు దగ్గర మొదలై, ఫ్లైఓవర్ దిగేటప్పుడు కత్తిలా కోస్తే ఐటీ బ్యాండ్, అంటే తొడ బయటి పక్క మోకాలి దాకా దిగే పట్టీ. రోడ్డు నీళ్లు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కన పరిగెత్తితే ఒక కాలు రోజూ పల్లంలో పడుతుంది. పార్కులో అయినా వారం మధ్యలో దిశ మార్చండి. మోకాలి చిప్ప చుట్టూ, మెట్లు దిగేటప్పుడు, సినిమా హాల్లో కూర్చుని లేచేటప్పుడు నొప్పి అయితే అది చిప్ప కింది ఒత్తిడి. రెండింటికీ ఒక చవకైన మందుంది: అడుగు చిన్నది చేసి, నిమిషానికి అడుగులు 5 శాతం పెంచడం, అంటే 160 ఉంటే 168. ఎండలో అలిసిపోయినప్పుడు అడుగు చాచిపడి, నడుము కూలబడుతుంది, మోకాలు దెబ్బతినేది అప్పుడే. పిరుదుల కండరాలకు వారానికి మూడుసార్లు పని చెప్పండి.

బొబ్బలు, పట్టేసే పిక్కలు

కాటన్ సాక్స్ మానేయండి. తల మీద నీళ్లు పోసుకునేటప్పుడు ముందుకు వంగండి, లేదంటే బూట్లలోకే దిగుతాయి. పిక్క పట్టేస్తే ఆగి, నెమ్మదిగా సాగదీయండి. ఉప్పు తక్కువై కొందరికి వస్తుంది గానీ, తయారైనదానికంటే వేగంగా వెళ్లడమే తరచూ కారణం.

గాయం తగ్గాక మళ్లీ మొదలు

ముందు 40 నిమిషాలు చురుగ్గా నడిచినా నొప్పి లేదనిపించాలి. తర్వాత 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు, రోజు విడిచి రోజు. పదికి మూడు లోపు నొప్పి ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలైతే తర్వాతిసారి పరుగు ఒక నిమిషం పెంచండి. మర్నాడు కుంటితే ఒక మెట్టు దిగండి. స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు ఈ లెక్క వర్తించదు, అక్కడ నొప్పి అసలు ఉండకూడదు. ఎండలో ఈ నడక విరామాలు ఒళ్లు చల్లబడటానికీ పనికొస్తాయి కాబట్టి బాగయ్యాక కూడా మే అంతా ఉంచేసుకోవచ్చు.

నొప్పి తెలియకుండా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని లాంగ్ రన్‌కు దిగేవాళ్లున్నారు. చెమటతో నీరు పోయి ఉన్న ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీకి రక్తం ఇంకా తగ్గిస్తాయి. పరుగు తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మంచినీళ్లు తాగి చూద్దామని ఆగకండి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), సీపీకే (కండరాల దెబ్బ) పరీక్షలు చేయించుకోండి.