గ్యాస్ నింపించే ముందు గ్రిల్‌లోకి ఒకసారి టార్చ్ వేయండి

కారులో ఏసీ చల్లదనం తగ్గగానే ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయుంటుంది". నేనూ అలాగే అనుకుని వరసగా రెండు ఎండాకాలాలు గ్యాస్ నింపించాను. రెండుసార్లూ అదే కథ. కారు పరుగెత్తుతున్నంతసేపు ఫర్వాలేదు, సిగ్నల్ దగ్గర ఆగిందంటే ఉక్క మొదలు. మూడోసారి చూసిన మెకానిక్ ఈ పనిలోనే జుట్టు నెరిసిన పెద్దాయన. గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజీలు బయటికి తీయకుండా గ్రిల్ ముందు గొంతుక్కూర్చుని లోపలికి టార్చ్ వేశారు. "గ్యాస్ పెట్రోలు కాదండీ, వాడేకొద్దీ అయిపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. మీది తగ్గిందో లేదో చూశారా అసలు?" అన్నారు. చూడలేదు.

ఆయన టార్చ్ వేసింది కండెన్సర్ మీద. గ్రిల్ వెనక, రేడియేటర్‌కి ముందు నిలబెట్టి ఉండే అల్యూమినియం జాలీ అది. ఏసీ చల్లదనాన్ని ఎక్కడా తయారు చేయదు. కారు లోపలి వేడిని మోసుకొచ్చి బయట పారబోస్తుంది, ఆ పారబోసే చోటే కండెన్సర్. చాలా కార్లలో వాడే ఆర్-134ఎ గ్యాస్ మామూలుగా సున్నాకి 26 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. దాన్నే కంప్రెసర్ 13 బార్ దాకా నొక్కితే, అంటే టైరులో గాలికి ఐదారు రెట్లు, 50 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగా మారుతుంది. బయట 40 డిగ్రీల ఎండ ఉన్నా దానికంటే గ్యాసే వేడిగా ఉంటుంది కాబట్టి, ఆ వేడి గాలిలోకి పోతుంది. అయితే గాలి ఆడాలి. అది ఆడకపోతే ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం పడిపోతుంది, మరీ ఎక్కువైతే కంప్రెసర్ తనంతట తానే ఆగిపోతుంది.

అందుకే పరుగులో చల్లగా, ఆగితే వేడిగా ఉంటే ముందు అనుమానించాల్సింది గాలినే. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి సరిపోతుంది, ఆగితే భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. చాలా కార్లలో ఫ్యాన్ వెనక నుంచి గాలిని లాగుతుంది. ఇంజిన్, ఏసీ ఆన్ చేసి, ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్‌కి ఒక కాగితం ఆనించండి. అతుక్కుని నిలిస్తే గాలి ఆడుతున్నట్టు. జారి పడిపోతే ఫ్యాన్ బలహీనపడిందో, దారి మూసుకుపోయిందో.

నా కారులో దారే మూసుకుపోయింది, అదీ పైకి కనిపించని చోట. ముందువైపు చూస్తే కాస్త దుమ్ము, నాలుగు పురుగులు, అంతే. ఆయన పైనున్న ప్లాస్టిక్ కవర్ క్లిప్పులు ఊడదీసి, కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య వేలెడు సందులోకి నన్ను చూడమన్నారు. పాత దిండు చించితే వచ్చే దూదిలాంటి ముద్ద! దుమ్ము, ఎండాకు ముక్కలు, దోమల రెక్కలు కలిసి దుప్పటిలా పరుచుకున్నాయి. వేళ్లతో లాగితే అరచేయంత పొర ఒక్కటిగా ఊడొచ్చింది.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు ఆ పని నేనే చేస్తున్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళంచెవి తీసేశాకే చేయి పెడతాను. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త. ముందు మెత్తటి బ్రష్‌తో ఫిన్స్, అంటే జాలీలోని పల్చటి రేకులు, ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకే దులపాలి, అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. తర్వాత మామూలు నీళ్ల పైపుతో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి, ధార ఏటవాలుగా కాకుండా ఎదురుగా నేరుగా తగిలేలా కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఒక్క నిమిషంలో ఫిన్స్ అన్నీ పడుకుంటాయి. అల్యూమినియంని తినేసే యాసిడ్ క్లీనర్లూ వద్దు. అక్కడక్కడ వంగిన ఫిన్స్ గురించి టెన్షన్ పడక్కర్లేదు, ఎక్కువ ఉంటే ఫిన్ దువ్వెన దొరుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో మాత్రం సరిచేయకండి, పక్కనే గ్యాస్ పారే పల్చటి గొట్టాలుంటాయి.

మూడేళ్ల తర్వాత నిజంగానే లీకొచ్చింది. గ్యాస్ కంటికి కనబడదు గానీ, దాంతోపాటు తిరిగే కంప్రెసర్ ఆయిల్ బయటపడి మరక చేస్తుంది. కడగబోతుంటే కింది మూలలో రూపాయి బిళ్లంత నల్లటి జిడ్డు కనిపించింది, మిగతా అంతా పొడిగా ఉంది. సబ్బు నురగ రాస్తే సన్నగా బుడగలు లేచాయి. రాయి తగిలిన దెబ్బ. ఇలాంటి దానికి లీక్ మూసే మందులు పోయించొద్దు, అవి లోపల గట్టిపడి మిగతా భాగాల్నీ, గ్యాస్ తీసే మెషిన్లనీ పాడుచేస్తాయి. కండెన్సర్ మార్చడమే దారి.

మార్చేది మెకానికే. మిగిలిన గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా మెషిన్‌తో తీయాలి, అది చర్మాన్ని గడ్డకట్టిస్తుంది, వాతావరణానికీ చేటు. పక్కన నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. తేమ పీల్చే డ్రైయర్ కొత్తది పడిందా? చాలా కండెన్సర్లలో అది పక్క గొట్టంలోనే ఉంటుంది. గొట్టాల అతుకుల దగ్గర ఉండే రబ్బరు ఓ-రింగులు కొత్తవేనా, ఆయిల్ రాసి వేశారా? గ్యాస్ ఎక్కించే ముందు లోపలి గాలీ, తేమా పోయేలా కనీసం అరగంట వాక్యూమ్ పెట్టారా? అన్నిటికంటే ముఖ్యం, గ్యాస్‌ని తూకం వేసే ఎక్కించాలి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది చాలా కార్లలో బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో ఆర్-134ఎ బదులు ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది, రెండూ కలపకూడదు. 450 గ్రాములని రాసి ఉంటే 550 ఎక్కించినంత మాత్రాన ఇంకా చల్లబడదు. అదనపు ద్రవం కండెన్సర్‌లోనే నిండిపోయి, వేడి వదిలే చోటు తగ్గుతుంది. నా మొదటి రెండు ఎండాకాలాల్లో జరిగింది ఇదే అయ్యుంటుందని పెద్దాయన అనుమానం.

కొత్త కండెన్సర్ ముందు వలలాంటిది కడదామని నాకు బుద్ధి పుట్టింది. దోమతెరంత సన్నటిది తెచ్చి చూపిస్తే ఆయన కాగితం తెమ్మని గ్రిల్‌కి ఆనించారు. వల లేనప్పుడు అతుక్కుంది, వల అడ్డం పెట్టగానే జారిపోయింది. చివరికి చిటికెన వేలు దూరేంత రంధ్రాలున్న జాలీ కట్టాం. పెద్ద రాళ్లు ఆగుతాయి, దోమలు మాత్రం యథాప్రకారం లోపలికే.