మహిళా పైలట్ల ఫస్ట్ డే కవర్లు: బొమ్మ కన్నా ముందు ముద్ర చూడండి

స్టాంపు విడుదలైన రోజు తేదీ ముద్రతో, ఆ స్టాంపు అంటించి వచ్చే కవరే ఫస్ట్ డే కవరు. అమెరికా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ కవరు అనగానే చాలామంది ఎడమవైపు బొమ్మకు మురిసిపోయి కొనేస్తారు. బొమ్మను ఎవరైనా, ఎప్పుడైనా అచ్చేయొచ్చు. కవరుకు ప్రాణం తపాలా ముద్ర, అందులోని ఊరు, తేదీ.

మొదలుపెట్టడానికి అమెరికా కవర్లు ఐదు చాలు. ఇయర్‌హార్ట్ 8 సెంట్ల ఎయిర్‌మెయిల్ స్టాంపు 1963 జూలై 24న కాన్సాస్‌లోని అచిసన్‌లో విడుదలైంది. ఆమె పుట్టిన ఊరు, పుట్టినరోజు అవే. బ్లాంచ్ స్టువర్ట్ స్కాట్‌ది 1980 డిసెంబర్ 30, హామండ్స్‌పోర్ట్, న్యూయార్క్. హారియట్ క్వింబీది 1991 ఏప్రిల్ 27, ప్లిమత్, మిషిగన్. బెస్సీ కోల్‌మన్‌ది 1995 ఏప్రిల్ 27, షికాగో. జాక్వెలిన్ కాక్రన్‌ది 1996 మార్చి 9, ఇండియో, కాలిఫోర్నియా.

కవరు చేతికి రాగానే 10 రెట్ల భూతద్దం తీయండి. ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడాలి. స్టాంపు అంచు దగ్గర గీత తెగినా, పక్కకు జరిగినా ఆ స్టాంపు తర్వాత అంటించిందేమోనని అనుమానించండి. బొమ్మ రంగు ముద్ర సిరా మీదకి ఎక్కిందా? అయితే బొమ్మ తర్వాత వేసిందన్నమాట. అది మోసమే కానక్కర్లేదు, ధర మాత్రం తగ్గాలి. పాత కవరు బొమ్మలో సిరా కాగితం పోగుల వెంట పాకి, చుక్కలు చెల్లాచెదురుగా కనిపిస్తే ఇంక్‌జెట్ ప్రింటర్ పనేమోనని అనుమానించండి.

ఈ ఐదింటిలో దేని మీదైనా 'ఆమె సంతకం' ఉందంటే నవ్వి వదిలేయండి. ఐదుగురికీ స్టాంపు వచ్చింది పోయాకే. ఇయర్‌హార్ట్ విమానం 1937 జూలైలోనే పసిఫిక్‌లో గల్లంతైంది. 1930లలో విమానంలో ప్రయాణించిన కవరని అమ్మితే అతినీలలోహిత దీపం కింద పెట్టండి. కాగితం నీలితెలుపుగా మెరిస్తే పక్కన పెట్టేయండి. ఆ మెరుపు పదార్థం కాగితంలోకి వచ్చింది తర్వాతి కాలంలోనే.

దాచడంలో అసలు శత్రువు పీవీసీ అనే ప్లాస్టిక్ తొడుగులు. కొన్నేళ్లకు వాటిలోని మెత్తపరిచే రసాయనం బయటికొచ్చి జిగటగా స్టాంపుకు అంటుకుంటుంది. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ తొడుగే వాడండి. మామూలు చిన్న కవరు 165 × 92 మిల్లీమీటర్లు. తొడుగు అంతకన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. లోపల ఆమ్లం లేని అట్టముక్క పెట్టి, పెట్టెలో ఇరుక్కోకుండా నిలబెట్టండి. వివరాలు అట్ట మీదే పెన్సిల్‌తో రాయండి. లామినేషన్ జోలికి పోవద్దు.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలం తేమకు కవరు మూత జిగురు దానంతటదే అంటుకుపోతుంది. మూత కింద పలుచని ఆమ్లరహిత కాగితం ముక్క పెట్టి, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి. అంటుకుపోయిందా, గోరుతో లాగకండి, కాగితం పొరలుగా లేచిపోతుంది.