దసరా సెలవుల్లో పంటల కాగితపు బొమ్మలు: ఎక్కడ చెడుతున్నాయి, ఎలా సరిచేయాలి

ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల చేలల్లో చెనిక్కాయల (వేరుశనగ) చెట్లు పెరికే పని సాగుతుంటుంది, సంతలోకి సీతాఫలాలు వస్తాయి, బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్ల ముందు చిన్న పొలమో తోటో అమర్చాలని పిల్లలు ఉబలాటపడతారు. ఆ పొలానికి కావలసిన గుమ్మడికాయలు, బంతిపూలు, చెనిక్కాయ చెట్లు అన్నీ కాగితంతో చేసుకోవచ్చు. అయితే ఈశాన్య రుతుపవనాల వానలు మనకు దిగేది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. ఏటా సెలవుల్లో మా వీధి పిల్లలను కూర్చోబెట్టుకొని ఈ బొమ్మలు చేయించిన అనుభవంతో చెప్పవలసి వస్తే, బొమ్మ చెడినప్పుడు మనం పిల్లల చేతిని తప్పుపడతాము గాని, చాలాసార్లు తప్పు గాలిలోని తేమది, లేదా కాగితాన్ని ఏ దిక్కుగా కత్తిరించాలో చూసుకోని పెద్దవాళ్లది.

సమస్య: అట్టమీద అంటించిన రంగు కాగితం ఉబ్బి ముడతలు పడుతోంది, లేదా ఆరిన తరువాత అట్ట మొత్తం వంగిపోతోంది.

యంత్రంమీద తయారైన కాగితంలో నార పోగులు ఎక్కువగా ఒకే దిక్కున పరుచుకొని ఉంటాయి. తడి తగిలినప్పుడు పోగు పొడవున పెద్దగా సాగదు, అడ్డంగా మాత్రం బాగా ఉబ్బుతుంది. అందువల్ల బంక పూసిన కాగితం పోగులకు అడ్డంగా వెడల్పవుతుంది, ఆరేటప్పుడు మళ్లీ కుంచించుకుపోతూ కింద ఉన్న అట్టను తనవైపు లాగుతుంది. పై కాగితం పోగులు ఒక దిక్కున, అట్ట పోగులు మరో దిక్కున ఉంటే వంకర ఇంకా ఎక్కువవుతుంది. పోగుల దిక్కు తెలుసుకోవడం కష్టం కాదు. దినపత్రికను పైనుంచి కిందికి చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే ఎటో వంకరపోతుంది. తిన్నగా చిరిగినదే పోగుల దిక్కు. చింపడానికి వీల్లేని చార్టునైతే మడత పడకుండా రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా లొంగుతుందో ఆ వంపు గీతకు సమాంతరంగా పోగులు ఉన్నట్టు లెక్క. ఆ దిక్కును పెన్సిలుతో ఒక చిన్న బాణం గుర్తుగా వెనకవైపు వేయించండి; ఇది పిల్లలకు ఆటలాగే ఉంటుంది.

అంటించేటప్పుడు రెండింటి పోగులూ ఒకే దిక్కున ఉండేలా చూసుకొని, బంకను నడిమి నుంచి అంచులకు పలచగా పూయించాలి. పిల్లలు సీసా నొక్కి ధార కడతారు కాబట్టి, ఫెవికాల్ అయినా సరే ముందుగా ఒక మూతలో కొంచెం పోసి, వేలితో గాని పాత కుంచెతో గాని పూయమనడం మేలు. ఆపైన బొమ్మకు కింద ఒకటి, మీద ఒకటి పొడి దినపత్రిక వేసి, బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా ఉంచాలి. వాన రోజైతే గంట తరువాత ఆ పత్రికలను మార్చకపోతే పీల్చుకున్న తడి మళ్లీ బొమ్మలోకే చేరుతుంది. ఇప్పటికే వంగిన అట్టనూ కాపాడవచ్చు: దాని వెనకవైపు అదే రకం కాగితాన్ని అదే పోగుల దిక్కున అంటించి బరువు కింద పెడితే రెండు వైపులా లాగుడు సమానమై అట్ట తిన్నబడుతుంది.

సమస్య: కాగితపు పట్టీల గుమ్మడికాయ గుండ్రంగా రాక కోణాలు తేలుతోంది.

దీనికి కారణమూ పోగులే. పట్టీ పొడవున పోగులు ఉంటే అది వంపు తిరగడానికి మొరాయించి, ఒకచోట విరిగినట్టు మడతపడుతుంది. కాబట్టి పట్టీలను పోగులకు అడ్డంగా కత్తిరించాలి. 20 సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పుతో 12 పట్టీలు ఒక మధ్యరకం కాయకు సరిపోతాయి. పొడవుల్లో తేడా ఉంటే కాయ ఒక పక్కకు ఒరుగుతుంది కనుక కొలత పెద్దవాళ్లు వేసి, కత్తిరించడం పిల్లలకు వదలండి. పట్టీలను పెన్సిలుకు చుట్టి వదిలి వంపు అలవాటు చేశాక, రెండు కొసల్లో దబ్బనంతో చిల్లులు పొడిచి దారం ఎక్కించాలి. దారాన్ని కొంచెం బిగించి ముడివేస్తే కాయ కిందికి అణిగి ఎర్ర గుమ్మడిలా, వదులుగా ఉంచితే నిలువుగా బూడిద గుమ్మడిలా కనిపిస్తుంది. దబ్బనం పని పిల్లలకు ఇవ్వవద్దు.

సమస్య: బంతిపూల రంగు చేతులకూ కొలువు గుడ్డకూ అంటుకుంటోంది, లేదా వేసిన రంగు కాగితంమీద పాకిపోతోంది.

బంతిపూలకు వాడే క్రేప్ కాగితం, అంటే సన్నని ముడతలుండే సాగే కాగితం, దాని రంగు తడికి నిలవదు. దాన్ని తడి చేతులతో తాకనీయకుండా, అతి తక్కువ బంకతో గాని దారంతో కట్టి గాని పువ్వు చేయాలి. రంగు పాకడం మాత్రం వేరే సంగతి. రాసుకునే కాగితానికి మిల్లులోనే తడిని ఆపే పూత ఇస్తారు. దినపత్రిక కాగితానికి, పలచని గాలిపటం కాగితానికి అది దాదాపుగా ఉండదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బొమ్మ గీసే ముందు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టేది కూడా, తక్కిన ప్రయోజనాలతో పాటు, రంగు గీత దాటి పాకకుండా ఉండడానికే. మనం అంత దూరం పోనక్కరలేదు. పలచని గంజిని ఒక పూత వేసి పూర్తిగా ఆరనిచ్చి, ఆపైన నీళ్లు తక్కువ కలిపి రంగు వేస్తే చాలు. చిన్న పిల్లలకైతే క్రేయాన్లు ఇస్తే ఈ బాధే లేదు.

సమస్య: దినపత్రిక ముక్కలతో పొరలు పొరలుగా చేసిన కాయలు రెండు రోజులకు మెత్తబడి వాసన వస్తున్నాయి, బూజు పడుతున్నాయి.

ఒక ఏడాది మా ఇంట్లో చేసిన డజను కాయలూ ఇలాగే పోయాయి, అప్పుడు తొందరపడింది నేనే. పై పొర చేతికి ఆరినట్టు తగిలినా లోపలి పొరల్లో తడి మిగిలి ఉంటుంది. మైదా బంక బూజుకు మంచి ఆహారం. ఒక గిన్నె మైదాకు ఐదు గిన్నెల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, బంక నిగనిగలాడే దాకా ఉడికించి, ఏ రోజుది ఆ రోజే వాడాలి. మూడు పొరలకు మించి ఒకేసారి వేయకుండా ఫ్యాను గాలికి ఆరబెట్టి, తట్టి చూస్తే గట్టి చప్పుడు వచ్చాకే తరువాతి పొరలకు పోవాలి. పురుగు పట్టకుండా బంకలో మైలుతుత్తం కలిపే పాత అలవాటు పిల్లలున్న చోట వద్దు, అది విషం. బూజు పట్టిన కాయను తుడిచి రంగు వేసి దాచాలని చూడకుండా పారవేయండి.

సమస్య: కత్తెర కాగితాన్ని కోయకుండా రెక్కల మధ్య మడిచేస్తోంది.

బిడ్డ ఎడమచేతి వాటమేమో చూడండి. కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే నొక్కుడుకు రెక్కలు దగ్గర కావడానికి బదులు విడిపోతాయి, కాగితం నడుమ ఇరుక్కుంటుంది. ఎడమచేతి కత్తెర కొనివ్వడమే దీనికి మందు. కుడిచేతి వాటం పిల్లలకు వంపుల దగ్గర ఇలా అయితే, కత్తెరను తిప్పకుండా రెండో చేత్తో కాగితాన్ని తిప్పడం నేర్పాలి.

సమస్య: వాకిట కట్టిన కాగితపు తోరణం మర్నాటికే కింద పడుతోంది.

తేమకు కాగితం మెత్తబడి చిల్లు దగ్గర చిరుగుతుంది. చిల్లు పొడవకుండా కాగితపు ఆకు తొడిమను దారం మీదుగా మడిచి అంటించండి. దీపాల దగ్గర మాత్రం ఏ కాగితమూ కట్టవద్దు.

సమస్య: అన్నీ సరిగ్గా చేసినా చెనిక్కాయ చెట్టు చూడడానికి నిజం చెట్టులా లేదు.

ఇది బంక తప్పు కాదు, చూపు తప్పు. కాయలు నేలలో ఉంటాయి కదా అని దాదాపు అందరూ వాటిని వేర్ల కొసలకు అంటిస్తారు. నిజానికి పసుపు పువ్వు ఫలించాక దాని నుంచి ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోతుంది, కాయ ఊరేది ఆ ఊడ కొసన. అందుచేత కాండం కింది భాగం నుంచి నూలు దారాలను ఊడలుగా వేలాడదీసి వాటి కొసలకు కాయలు అంటించాలి. వేర్లను వేరుగా, కాయలు లేకుండా పెట్టాలి. ఆకుల్లోనూ చాలామంది మూడు రేకులు వేస్తారు, ఉండవలసినవి నాలుగు. చిన్న పచ్చ కాగితాన్ని రెండుసార్లు మడిచి ఒక్క రేకును కత్తిరిస్తే నాలుగూ ఒకే కొలతలో వస్తాయి, వాటిని జంటలుగా ఒక సన్నని కాడకు అంటించవచ్చు. పల్లెలో బంధువులుంటే పెరికిన చెట్టు ఒకటి తెప్పించి, మట్టి దులిపి పిల్లల ముందు పెట్టండి. ఎన్ని ఊడలు వేలాడదీయాలో వాళ్లే లెక్కపెట్టుకుంటారు.